ముంగిలి అనే గిన్నె: హాడన్ హాల్ నుంచి నేర్చుకున్న ఒక రిపేరు కథ

ముందే చెప్పేస్తాను, హాడన్ హాల్ నేను రిపేరు చేసిన ఇల్లు కాదు, అది ఇంగ్లండ్‌లోని డర్బీషైర్‌లో ఉన్న మధ్యయుగం నాటి పెద్ద భవనం. నేను చేసింది అదే డర్బీషైర్‌లో, ఎవరికీ పేరు తెలియని ఒక చిన్న రాతి ఇల్లు. మధ్యలో ముంగిలి, మూడు వైపులా గదులు, నాలుగో వైపు ఒకప్పటి పశువుల కొట్టం. అక్కడ నేనొక తప్పు చేశాను. అది ఏ రకం తప్పో అర్థం కావడానికి హాడన్‌కి మూడుసార్లు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాల్సి వచ్చింది. కాబట్టి ఈ కేస్ స్టడీలో ముప్పావు వంతు హాడన్, మిగతా పావు నా పరువు.

సమస్య ఇది. ఇంటి ఉత్తరం వైపు గోడకి, లోపలి పక్క, నడుము ఎత్తు దాకా చెమ్మ. వాల్‌పేపర్ ఊడిపోతోంది, అలమరలో బట్టలు బూజు వాసన. బయటికెళ్లి చూస్తే రాళ్ల సందులన్నీ ఎప్పుడో ఎవరో సిమెంటుతో నింపేసి ఉన్నాయి. పాత కట్టడాల మీద పని చేసే ఎవరికైనా అది చూడగానే చేతులు దురద పెడతాయి. పాత రాతి గోడ అంటే నిజానికి రెండు పలచని గోడలు, మధ్యలో రాతి ముక్కలూ సున్నం మట్టీ కలిపి కూరిన పొట్ట. అందులోకి చేరిన తడి సందుల్లోని సున్నం గుండా మెల్లగా బయటికి ఆరిపోవాలి. సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోతుంది, తడి రాయి గుండానే బయటికి రావాల్సి వస్తుంది, చలికాలం అది గడ్డకట్టి రాయి ముఖం పెచ్చులుగా రాలిపోతుంది. ఇది పాఠం, ఇందులో తప్పేమీ లేదు. నేను ఆ పాఠం అప్పజెప్పి, సిమెంటు మొత్తం ఉలితో తీయించి, గోడంతా సున్నంతో పాయింటింగ్, అంటే రాళ్ల సందులు మళ్లీ నింపడం, చేయించాను. అయిదు డిగ్రీల కన్నా కిందకి దిగితే పచ్చి సున్నానికి గండం, అందుకని సెప్టెంబరు లోపే పూర్తి చేసి, తడి గోనె పట్టాలు కప్పి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాం.

ఒక చలికాలం గడిచింది. చెమ్మ ఎక్కడిదక్కడే ఉంది. ఇంటావిడ టీ ఇచ్చి, చాలా మర్యాదగా, "ఇంకెంత కాలం ఎదురుచూడమంటారు?" అని అడిగింది. ఇంగ్లిష్ వాళ్లకి కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది, ఈ దేశంలో పదేళ్లుంటే ఆ లెక్క తెలుస్తుంది. ఆ రోజు ఆవిడ విపరీతమైన మర్యాదగా ఉంది.

ఆ వారాంతం నేను హాడన్‌కి వెళ్లాను. పరిష్కారం వెతుక్కుంటూ వెళ్లానని చెప్తే బాగుంటుంది గానీ, నిజానికి ఇంట్లో కూర్చుంటే టెన్షన్ తగ్గక వెళ్లాను.

బేక్‌వెల్ ఊరికి రెండు మైళ్ల దూరంలో, వై నది పక్కన, సున్నపురాయి గుట్ట అంచున ఉంటుంది హాడన్. కింద రోడ్డు మీద నుంచి చూస్తే కోటలా ఉంటుంది, గోడల మీద పళ్ల వరుసలు (నోట్లో పళ్లలా ఒకటి విడిచి ఒకటి పైకి లేచిన రాతి దిమ్మెలు), రెండు మూడు బురుజులు. కానీ కోట కాదు. 12వ శతాబ్దం చివర్లో, తర్వాత ఇంగ్లండ్ రాజైన జాన్, ఇంకా రాజు కాకముందే, అప్పటి ఈ ఇంటి యజమాని, వెర్నన్ వంశస్థుడికి, గోడ కట్టుకోవడానికి ఒక అనుమతి పత్రం ఇచ్చాడు: 12 అడుగుల ఎత్తు దాకా కట్టుకో, పైన పళ్లు మాత్రం పెట్టొద్దు. పళ్లు పెడితే దాని చాటున విల్లు పట్టుకుని నిలబడొచ్చు, అంటే అది యుద్ధానికి పనికొచ్చే గోడ. ఇప్పుడు కనిపించే పళ్లన్నీ ఆ తర్వాత తరాలు సోకు కోసం పెట్టించుకున్నవి. మన దగ్గర ప్రహరీ గోడ మీద సింహాల బొమ్మలు పెట్టించుకున్నట్టే. ఈ సోకుకి ఒక ఖరీదుంది, దాని సంగతి తర్వాత.

ఇంటి ప్లాను మాటల్లో చెప్పడం కష్టం గానీ ప్రయత్నిస్తాను. ఇంగ్లిష్ అంకె 8ని పక్కకి పడుకోబెట్టండి. ఎడమ చేతి గుండ్రం పడమటి ముంగిలి, వాళ్లు కింది ముంగిలి అంటారు. కుడి చేతిది తూర్పు ముంగిలి, పై ముంగిలి. గుట్ట వాలులో ఉంది కాబట్టి కింద, పైన. రెండు గుండ్రాలూ కలిసే నడుము దగ్గర పెద్ద హాలు. వాయవ్యం మూల బురుజులోంచి లోపలికి వస్తాం, నైరుతి మూల చాపెల్ (ఇంటి చిన్న చర్చి), హాలుకి ఉత్తరం వైపు వంటిల్లు, దక్షిణం వైపు దొరగారి గదులు. ఈశాన్యంలో పెవరిల్ టవర్, అదే పాత ప్రవేశ ద్వారం. ఇలా చూస్తే ఎవరో కూర్చుని శుభ్రంగా గీసిన ప్లానులా అనిపిస్తుంది. కానే కాదు. ముంగిలిని ఇక్కడ ఎవరూ గీయలేదు. ముందు ప్రహరీ ఉంది, లోపల ఒక చాపెల్, ఏవో గదులు. 1370 ప్రాంతంలో హాలు వచ్చింది. తర్వాత ఒక్కో తరం ప్రహరీ లోపలి వైపుకి ఆనించి ఒక్కో వరస గదులు కట్టుకుంటూ పోయింది. అన్ని వైపులా గదులు మూసుకొచ్చాక మిగిలిన ఖాళీ పేరే ముంగిలి.

దీన్ని గోడల మీదే చదవొచ్చు. రాళ్ల వరసల మధ్య ఎక్కడైనా కింది నుంచి పైదాకా ఒకే నిలువు గీత కనపడితే అక్కడ ఆగండి. మంచి మేస్త్రీ ఎవడూ రెండు వరసల సందుల్ని ఒకదాని మీద ఒకటి రానివ్వడు. గీత ఉందంటే అక్కడ ఒక గోడ ముందే నిలబడి ఉంది, రెండోది తర్వాత వచ్చి దానికి ఆనుకుంది. రాయి కూడా చెప్తుంది. హాడన్‌లో గోడ ఒంటికి గుట్ట మీదే దొరికే సున్నపురాయి బండలు, మూలలకీ కిటికీ చట్రాలకీ ఇసుకరాయి. సున్నపురాయి చెక్కుదామంటే మాట వినదు, ఇసుకరాయి వింటుంది. చూడ్డానికి బూడిద రంగు మీద లేత గోధుమ రంగు అంచు కుట్టినట్టు ఉంటుంది. కానీ ఈ రెండు రాళ్ల కాపురంలో ఒక గొడవ ఉంది. సున్నపురాయి మీద నుంచి కారిన వాననీళ్లు కింద ఇసుకరాయిలోకి ఇంకితే, వాటితో వచ్చిన సున్నం లవణాలుగా పేరుకుని ఇసుకరాయి ముఖాన్ని తినేస్తుంది. అంటే ఈ ఇంట్లో నీళ్లు ఎక్కడ కారాలో ఎక్కడ కారకూడదో ఎవరో ఒకరు ఎప్పుడూ కాపలా కాయాల్సిందే.

ఆ కాపలాదారుని నేను రెండోసారి వెళ్లినప్పుడు గానీ చూడలేదు. వాన. టూరిస్టులందరూ హాల్లోకి పరిగెత్తారు, నేను కింది ముంగిలిలో గొడుగు పట్టుకుని పిచ్చివాడిలా నిలబడ్డాను. చూరు కింద గోడలకి సీసపు డబ్బాలు ఉంటాయి, చిన్న పెట్టె అంత. పైకప్పు గాడిలోంచి వచ్చిన నీళ్లు ముందు ఆ డబ్బాలో పడి, అక్కడి నుంచి సీసపు గొట్టంలోకి దిగుతాయి. వానగొట్టానికి తల అన్నమాట. హాడన్ తలలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి బాగా తెలుసు, వాటి మీద పోతపోసిన నగిషీలు, వంశ చిహ్నాలు. నేనూ ఫోటోల్లో చూసి అలంకారం అనుకున్నవాడినే. వాన్లో చూస్తే అర్థమైంది, ఈ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ కష్టపడేవి అవే. ముంగిలి చుట్టూ ఎన్ని కప్పులున్నాయో లెక్కేయండి. వాటి లోపలి సగాల మీద పడ్డ ప్రతి చుక్కా ఈ ఒక్క ఖాళీలోకే రావాలి. ముంగిలి అంటే గిన్నె. నాలుగు వైపులా కప్పులు కట్టి మధ్యలో ఒక గిన్నె పెట్టారు, గిన్నె అంచులే ఇంటి గోడలు.

నవ్వొచ్చే సంగతేమిటంటే ఇది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. మా అమ్మమ్మ వాళ్లది కోనసీమలో మండువా ఇల్లు. నాలుగు వైపుల పెంకు కప్పూ లోపలికే వాలి ఉంటుంది, వానొస్తే మండువా నాలుగంచులా నీటి తెరలు. అమ్మమ్మకి వానాకాలంలో ఉన్న ఒకే ఒక్క చింత మండువా తూములో ఆకులు అడ్డం పడకుండా చూసుకోవడం, పిల్లల్ని కూడా అదే పనికి తోలేది. "తూము చూశావట్రా?" అనేది, అన్నం తిన్నావా అని అడిగినట్టు. అక్కడ చిన్నప్పుడే వచ్చిన తెలివి నాకు డర్బీషైర్లో డిగ్రీతో సహా ఎక్కడో పోయింది.

సరే, పళ్ల గోడల ఖరీదు చెప్తానన్నాను. వాలు కప్పుకి చూరు బయటికి ఉంటే నీళ్లు గోడకి దూరంగా పడి పోతాయి. కానీ కోటలా కనపడాలంటే గోడని కప్పు అంచుకన్నా పైకి లేపి పళ్లు పెట్టాలి. అప్పుడు కప్పుకీ ఆ గోడకీ మధ్య ఒక కాలువ తయారవుతుంది, దానికి సీసపు రేకు పరచాలి. సీసం ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకోవాలి గానీ తన బరువుకి పూర్తిగా ముడుచుకోలేదు. పొడవాటి రేకు ఒకే ముక్కగా వేస్తే కొన్నేళ్లకి ముడతపడి అక్కడే చిట్లుతుంది. అందుకే చిన్న చిన్న ముక్కలుగా, మధ్యలో మెట్లు పెట్టి వేస్తారు. ఆ చిట్లు కింద నిలబడ్డవాడికి కనపడదు, దూలం చివర కుళ్లి కప్పు కుంగినప్పుడు కనపడుతుంది. వెర్నన్‌లూ, వాళ్ల తర్వాత ఈ ఇల్లు దక్కిన మానర్స్‌లూ తమ సోకు కోసం ప్రతి తరానికీ ఈ కాలువల బాకీ పెట్టి పోయారు.

ఇంటి లోపల గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది, కానీ గబగబా చెప్తాను. హాల్లోకి వెళ్లే నడవలో ఒక పక్క చెక్క తెర, ఇంకో పక్క వంటింటికీ సామాన్ల గదులకీ తలుపులు. మధ్యయుగం ఇంగ్లిష్ ఇంటికి ఇది వెన్నెముక. దొర ఒక చివర ఎత్తు అరుగు మీద, పనివాళ్లు రెండో చివర. హాలుకి దక్షిణంగా ఉన్న భోజనాల గదిలో 1545 నాటి చెక్క పలకలు. వంటిల్లు మొదట్లో విడిగా ఉండేది, నిప్పు భయానికి. తర్వాత నడవ కట్టి కలిపారు. ఇందాకటి మాటే ఇది కూడా, రెండు కట్టడాల మధ్య సందుని కప్పేసిన ప్రతిసారీ ఒక కొత్త నీటి కాలువ పుడుతుంది.

లాంగ్ గ్యాలరీ దగ్గర మాత్రం ఆగాలి. పై ముంగిలి దక్షిణం వైపు, 1600 ప్రాంతంలో జాన్ మానర్స్ పూర్తి చేసిన గది. పొడవు 110 అడుగులు, వెడల్పు 17. చలికాలం బయట నడవలేనప్పుడు లోపల నడవడానికి. మూడు వైపులా కిటికీలు, వాటిలో చిన్న చిన్న డైమండ్ అద్దాలు సీసపు పట్టీలతో బిగించి ఉంటాయి. ఆ అద్దాల పలకలు చదునుగా ఉండవు, ఒకటి లోపలికి, ఒకటి బయటికి ఉబ్బి ఉంటుంది. వెలుతురు పట్టడానికి కావాలనే అలా చేశారని అక్కడ చెప్తారు. చెయ్యి చాచి అద్దానికి అంగుళం దూరంలో పెట్టి మెల్లగా పక్కకి జరిపితే, ఒక్కో అద్దం ఒక్కో కోణంలో మెరుస్తూ అరచేతి మీద వెలుగు చేపపిల్లల్లా కదులుతుంది. ముట్టుకోవద్దు, కాపలా ఆవిడ చూస్తూ ఉంటుంది.

ఈ గ్యాలరీ గురించే ఒక ప్రేమకథ ఉంది. ఇంటి వారసురాలు డొరొతీ వెర్నన్, తండ్రికి ఇష్టం లేని జాన్ మానర్స్‌తో, ఇక్కడ విందు జరుగుతుండగా తోట మెట్లు దిగి పారిపోయిందట. మెట్లకి ఆవిడ పేరే పెట్టారు. పెళ్లి నిజమే, 1563. ఆ పెళ్లితోనే ఇల్లు మానర్స్‌ల చేతికి వచ్చింది. కానీ డొరొతీ చనిపోయింది 1584లో. గ్యాలరీ గానీ ఆ మెట్లు గానీ అప్పటికి లేవు. కట్టని మెట్లు దిగి ఎవరూ పారిపోలేరు. చెప్తే పక్కనున్న టూరిస్టు దంపతుల మొహం చిన్నబోయింది, నాకేదో పాపం చేసినట్టనిపించింది.

చాపెల్‌లో గోడల మీద బొమ్మలున్నాయి, నదిలో శిశువుని భుజాన మోస్తున్న సెయింట్ క్రిస్టఫర్, చుట్టూ ఆకులు, చేపలు. ఇంగ్లండ్ క్యాథలిక్ నుంచి ప్రొటెస్టంట్‌కి మారినప్పుడు ఇలాంటి బొమ్మలు తప్పు అని వాటి మీద సున్నం కొట్టేశారు. ఆ సున్నమే వాటిని కాపాడింది. 20వ శతాబ్దంలో ఇంటి యజమాని, మానర్స్ వంశపు తొమ్మిదో రట్లండ్ డ్యూక్, పూత తీయిస్తే కింద రంగులు అలాగే ఉన్నాయి. సిమెంటు పూత అయి ఉంటే తీసేటప్పుడు బొమ్మ కూడా దానితోనే వచ్చేసేది. సున్నం మీద నాకున్న పక్షపాతం ఇక్కడ ఇంకాస్త పెరిగింది, మరి నా గోడ ఎందుకు ఆరలేదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

హాడన్ ఇంత చెక్కుచెదరకుండా ఎలా మిగిలిందంటే, చాలావరకు నిర్లక్ష్యం వల్ల. 1703లో మానర్స్‌లు రట్లండ్ డ్యూక్‌లయ్యారు, కాపురం బీవర్ కోటకి మారింది, హాడన్‌లో ఆ కుటుంబం రెండు వందల ఏళ్లు ఉండలేదు. ఆ రెండు శతాబ్దాల్లోనే ఇంగ్లండ్‌లో ప్రతి జమీందారూ తన పాత ఇంటిని పడగొట్టి స్తంభాల మేడ కట్టించుకోవడమో, లేకపోతే పాతదాన్ని మరీ పాతగా కనపడేలా "పునరుద్ధరించుకోవడమో" చేశాడు. ఈ రెండో జబ్బు ఎంత ముదిరిందంటే, 1877లో డిజైనరూ రచయితా అయిన విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకి ఒక సంఘమే పెట్టాల్సి వచ్చింది: పునరుద్ధరించకండి, మరమ్మతు చేయండి చాలు అని. హాడన్ ఈ రెంటి నుంచీ తప్పించుకుంది, ఎందుకంటే అక్కడ ఇంప్రూవ్‌మెంట్ చేయాలనుకునేవాళ్లే లేరు. 1912లో తొమ్మిదో డ్యూక్, అప్పటికింకా డ్యూక్ కాలేదు, పని మొదలుపెట్టే నాటికి జనానికి బుద్ధి కాస్త వచ్చింది. 1920ల్లో పెద్ద హాలుకి కొత్త ఓక్ కప్పు వేశారు, ఆర్కిటెక్ట్ హరాల్డ్ బ్రాక్‌స్పియర్. అది కొత్తదని చెప్తే గానీ తెలియదు. నాకది కొంచెం ఇబ్బందే, కొత్తది కొత్తదిగా కనపడాలన్న బడి నాది. అయినా వందేళ్లుగా హాలు మీద నీళ్లు పడకుండా కాస్తున్న కప్పుని విమర్శించేంత సీన్ నాకు లేదు.

మూడోసారి వెళ్లినప్పుడు నా కళ్లు తెరిపించింది గడప. వాయవ్యం బురుజు తలుపు దగ్గర రాతి గడప మీద, ఎన్ని శతాబ్దాల అడుగులు పడ్డాయో, పాదం ఆకారంలోనే గుంట పడింది. వంగి దాన్ని ఫోటో తీస్తూ ఒక విషయం గమనించాను. గడప గడపలానే ఉంది. అంటే మనిషి కాలు ఎత్తి దాటాల్సిందే. నా ఇంట్లో, అదే ఆ డర్బీషైర్ ఇంట్లో, ఉత్తరం వైపు తలుపుకి గడప ఎక్కడ? లేదు. ముంగిలి నేలా లోపలి నేలా ఒకే మట్టం. ఆ రోజుదాకా దాన్ని "సౌకర్యంగా ఉంది" అని నోట్స్‌లో రాసుకున్నవాణ్ణి నేనే.

మర్నాడే వెళ్లి గోడ పక్కన రెండడుగుల గుంట తవ్వించాను. చారిత్రక కట్టడంగా నమోదైన ఇల్లు కాబట్టి కౌన్సిల్ అధికారికి ముందే చెప్పి, ఒక పురావస్తు నిపుణురాలు దగ్గరుండగా. పైన కాంక్రీటు, దాని కింద ఇంకో కాంక్రీటు, దాని కింద తారు, దాని కింద ఇటుక ముక్కలు, అప్పుడు గానీ పాత రాతి పరుపు రాలేదు. ఎనిమిది అంగుళాల కింద. దాంతోపాటు గడప రాయి కూడా, దాని అంచు ఇంకా వాడిగా ఉంది. ప్రతి తరమూ బురద అవుతోందని ముంగిలి మీద ఇంకో పొర వేసుకుంటూ వచ్చింది. గిన్నె అడుగు పైకి లేచింది, గోడ కాళ్లు అందులో మునిగాయి. నేను గోడకి ఊపిరాడటం లేదని సందులన్నీ తెరిచాను. వాడు మెడదాకా నీళ్లలో నిలబడి ఉంటే నేను ముక్కు తుడిచానన్నమాట.

ఇంకోటి కూడా. ముంగిలి మధ్యలో ఒక జాలీ మూత ఉండేది, అందరం అది తూము అనుకున్నాం. మేస్త్రీ ఒక బకెట్ నీళ్లలో ఆకుపచ్చ రంగు కలిపి అందులో పోశాడు. పశువుల కొట్టం అవతల కాలువలో రంగు రావాలి. పావుగంట చూశాం, రాలేదు. మూడో రోజు ఉత్తరం గోడ లోపలి వైపు, అలమర వెనక, ప్లాస్టరింగ్ అడుగున సన్నని ఆకుపచ్చ గీత. ఇంటావిడ దాన్ని చూసి మొదటిసారి మర్యాద లేకుండా ఒక మాట అంది. నాకు చాలా హాయిగా అనిపించింది.

మిగతాది మామూలు పని. గోడ పొడవునా కాంక్రీటు తీసేశాం, పాత మట్టానికి దించాం, పాత రాతి పరుపు ఉన్నచోట అలాగే వదిలేశాం, లేనిచోట ఇసుక మీద రాళ్లు పరిచాం, సిమెంటు లేకుండా. పగిలిన మట్టి గొట్టం పదమూడు అడుగుల మేర మార్చాం. అది చెట్టు వేరు తోసేసి విడిపోయింది. ముంగిలికి పశువుల కొట్టం వైపు వాలు ఇచ్చాం, హాడన్‌లో గుట్ట దానంతట అదే ఇచ్చే వాలుని ఇక్కడ మేం తాడు కట్టి తేవాల్సి వచ్చింది. గోడ పునాది కన్నా లోతుకి ఎక్కడా తవ్వలేదు. పాత ఇళ్లకి పునాది అనేది దాదాపు ఉండదు, కంకర కాలువ వేస్తామని గోడ పక్కన లోతుగా తవ్వి గోడనే కుంగదీసిన వాళ్లని చూశాను. గడపని పైకి లేపలేదు, దాని పాత చోటే ఉంది. ఇప్పుడు ఆ తలుపులోంచి బయటికి వెళ్లాలంటే ఒక మెట్టు దిగాలి. ఇంటావిడ తల్లికి మోకాళ్ల నొప్పులు, దానికి గోడకి ఒక ఇనప కడ్డీ పెట్టాం.

నేను పెట్టించిన సున్నం పాయింటింగ్ వృథా కాలేదు, అది లేకపోతే ఇప్పుడు కూడా గోడ ఆరదు. కానీ అది రెండో పని, నేను మొదటిదిగా చేశాను. ఆ ఖర్చులో కొంత నా ఫీజులోంచి తగ్గించుకున్నాను.

రెండు చలికాలాలు అయ్యాయి. గోడలో చెమ్మ నడుము నుంచి మోకాలి కిందకి దిగింది. ఈశాన్యం మూలలో మాత్రం ఒక అడుగు మేర ఇంకా తడిగానే ఉంది, దాని మీద వానగొట్టం తల ఒకటి నిండి పొర్లుతోందేమోనని నా అనుమానం. వచ్చే వాన్లో గొడుగు పట్టుకుని అక్కడ నిలబడాలి.